ద్రాక్షపండూ - మన రక్తనాళాలూ
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పయ్యేళ్లకు పైగా ఫైళ్లు రాసిన గుమాస్తాను. ఈమధ్య మన సభ్యులు కొందరు "ద్రాక్ష గింజల క్యాప్సూల్స్ వాడితే బి.పి. మాత్రలు మానెయ్యవచ్చునట గదా?" అని అడుగుతున్నారు. అందుకని నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

మన రక్తనాళాల లోపలివైపు అతి పలచని కణాల పొర ఒకటి ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. ఆ వాయువు పక్కనున్న కండరానికి చేరి "సడలు" అని ఆర్డరు వేస్తుంది. నాళం వెడల్పవుతుంది, రక్తం సాఫీగా పారుతుంది. ఆ వాయువు ఆయుష్షు కొన్ని సెకన్లే కనుక ఆర్డరు ఎప్పటికప్పుడు జారీ అవుతూ ఉండాలి. వయసు, పొగాకు, చక్కెర వ్యాధి, రక్తపోటు ఈ పొరను దెబ్బతీస్తాయి. ఈ సంగతులు వెలికితీసిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర పనిచేసేదీ ఈ వాయువు ద్వారానే.

ఇక ద్రాక్ష సంగతి. తొక్కలోనూ గింజల్లోనూ పాలీఫినాల్స్ అనే పదార్థాలున్నాయి. 1993లో ఎలుకల రక్తనాళాల మీద ద్రాక్షరసాన్నీ తొక్కల సారాన్నీ పరీక్షించారు. లోపలి పొర ఉన్న నాళాలు సడలాయి, పొర తీసేసినవి సడలలేదు. 1999లో 15 మంది గుండెజబ్బు రోగులు సుమారు 14 రోజులు ఊదారంగు ద్రాక్షరసం తాగగా, చేతి రక్తనాళం విప్పారే శక్తి మెరుగైంది.

వినడానికి బాగానే ఉంది. కానీ వాళ్లు తాగింది రోజుకు దాదాపు అరలీటరు. అందులో చక్కెరే డెబ్బయి గ్రాములకు పైగా ఉంటుంది. మనలో షుగరున్నవారి గతి ఏమిటి? పైగా నాళం విప్పారడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. ద్రాక్షలోని రెస్వెరట్రాల్ గురించి ఇటలీలో 65 ఏళ్లు దాటిన 783 మందిని ఏళ్ల తరబడి పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం ద్వారా అది ఎక్కువగా అందినవారు ఎక్కువకాలం బతికిన దాఖలా కనబడలేదు. గుండెజబ్బులూ తగ్గలేదు.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ద్రాక్షది సిఫారసు మాత్రమే, జి.ఓ. కాదు. జి.ఓ. డాక్టరు రాసిచ్చిన చీటీయే. కనుక బి.పి. మాత్రలు ఎవరూ సొంతంగా ఆపవద్దు. రక్తం పలచబడే మందు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ క్యాప్సూల్స్ జోలికి పోవద్దు. షుగరు లేనివారు గుప్పెడు నల్లద్రాక్ష బాగా కడిగి, తొక్క ఉమ్మేయకుండా నమిలి తినండి. షుగరున్నవారు డాక్టరు చెప్పిన మేరకే తినండి.

మరొక్క మాట. నడిచేటప్పుడు రక్తప్రవాహం పెరిగి, ఆ ఒరిపిడికి లోపలి పొర తనంతట తానే నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది. దీనికి పెన్షనులోంచి ఒక్క పైసా ఖర్చు లేదు. రేపటినుంచి చేయగలిగినంత నడక మొదలుపెట్టండి.