గురక వెనుక ఏముందో చెప్పే రాత్రి

గురక ఎక్కువగా ఉండి, పగలంతా కునికిపాట్లు పడుతుంటే డాక్టరు స్లీప్ స్టడీ, అంటే ల్యాబ్‌లో రాత్రి నిద్రలో చేసే పరీక్ష, రాస్తారు. వెంటనే వచ్చే ప్రశ్న: "ఒంటినిండా వైర్లు పెడితే నిద్దరెలా పడుతుందండీ?" న్యాయమైన ప్రశ్నే. కొత్తచోట నిద్ర పలచబడుతుంది. ఆ సంగతి పరీక్ష చేసేవాళ్లకూ తెలుసు. కానీ అక్కడ చూసేది మీరెంత హాయిగా పడుకున్నారని కాదు. నిద్రలో ఊపిరి ఆగుతోందా, ఆగినప్పుడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతోందా అని. అది తేలడానికి సాధారణంగా కొన్ని గంటల నిద్ర చాలు. సూదులుండవు, షాకులుండవు. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు చిన్న బిళ్లలు అంటిస్తారు. ఛాతీకి, పొట్టకు పట్టీలు. ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి క్లిప్పు. బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే పిలవండి, టెక్నీషియన్ వచ్చి వైర్లు విడదీసి పంపిస్తారు.

మరి ఇంట్లోనే చేసుకోకూడదా? కొందరికి చేయొచ్చు. అయితే ఇంటి పరికరాలు చాలావరకు మెదడు తరంగాలను చూడవు. మీరు నిద్రపోయారో, మేలుకుని పడుకున్నారో వాటికి కచ్చితంగా తెలియదు. గుండెజబ్బో, ఊపిరితిత్తుల జబ్బో బాగా ఉన్నవాళ్లకు ల్యాబే మేలు. వెళ్లే రోజు తలస్నానం చేయండి, నూనె మాత్రం రాయొద్దు, బిళ్లలు సరిగా అంటవు. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు. రోజూ వేసుకునే మందులు మాత్రం డాక్టరు చెప్పనిదే ఆపకండి.