వర్తకుడును సిఫారసుదారుడును



హైదరాబాదునకు పడమటి దిక్కున 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబరు టవర్సును ప్రారంభించిరి. అది మొదలు హైటెక్ సిటీ నానాటికి విస్తరించినది. 2019లో నానక్‌రాంగూడ ప్రాంతమున అమెజాను వర్తక సంస్థ 15,000 మంది పనిచేయదగిన మహాభవనమును తెరచినది. పల్లెలలోని మనకు దానితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. మన పిల్లలలో కొందరు ఇట్టి వర్తకులకు ఇంటనుండియే సిఫారసుదారులగుచున్నారు.

ఆ పద్ధతి యిట్టిది. కుర్రవాడు మందు చల్లు పంపును గూర్చియో, మిక్సీని గూర్చియో ఫోనులో వివరించి, ఆ సరుకు దొరకు అంగడికి దారిచూపు 'లింకు'ను జతచేయును. అందు వాని గురుతు ఉండును. ఆ దారిని పోయి గడువులోపల కొన్నవారుండిన, ధరలో నూటికింతయని వానికి రుసుము ముట్టును. అమెజాను పద్ధతిలో ఆ గడువు సామాన్యముగా 24 గంటలు. ఆ సంస్థ దీనిని 1996లో అమెరికాలో మొదలిడినది. మన దేశమున దాని అంగడి 2013లో వెలసినది.

మన అడితిదారును చూడుడు. అతడును రుసుము గొనువాడే. కాని రైతును అతడును ముఖాముఖి కూర్చుండి మాటాడుకొందురు. తగవు వచ్చిన పెద్దమనుష్యులుందురు. ఈ క్రొత్త బేరములో ముఖము లేదు, ఉత్తరమే ముఖము. కావున ఉత్తరము సరిగా లేనిచో బేరమే చెడును.

2020 ఏప్రిలు 14వ తేదీన అమెజాను అమెరికాలోని తన సిఫారసుదారులకు రేట్లు తగ్గించుచున్నట్లు తెలిపినది. గృహసామగ్రిపై నూటికి 8గా నున్న రుసుము 21వ తేదీనుండి 3 అయినది. నడుమ నున్నది ఒక్క వారము! రేటు మార్చు హక్కు ఒడంబడికలో ఉండవచ్చును. హక్కు వేరు, మర్యాద వేరు. ఏండ్ల తరబడి పాత రేటును నమ్మి శ్రమించినవానికి సర్దుకొనుటకు వ్యవధి యీయవలదా?

నా పూర్వవిద్యార్థి యొకనికి వేరొక వర్తకునినుండి ఇంగ్లీషులో జాబు వచ్చినది: "మీ ఖాతా నిలిపితిమి, నిబంధనలు చూచుకొనుడు" అని. ఏ నిబంధనయో అందు లేదు. ప్రత్యుత్తరమునకు మనిషి పేరు లేదు. మూడు నెలల రుసుము నిలిచిపోయినది. ఆ సొమ్ముతో వాడు చెల్లెలి కాలేజీ జీతము కట్టవలసియుండెను.

కావున వర్తకులకు నా మనవి: రేటు మార్పును చాల ముందుగా, తేదీతో తెలుపుడు. సరుకు నిండుకొన్న నాడే చెప్పుడు. తప్పు పట్టినచో ఆ తప్పేమో విప్పి చెప్పుడు. వీలైనచో తెలుగున వ్రాయుడు.

సిఫారసుదారునకును ధర్మము కలదు. ఊరిలో కొన్నవారు సరుకు చెడినచో వర్తకు నడుగరు. వీని యింటికే వత్తురు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మోసపుచ్చు ప్రకటనను సమర్థించినవానికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అయితే తగిన విచారణ చేసి చెప్పినవానికి ఆ శిక్ష లేదు. కనుక సరుకు గుణదోషములను వర్తకుని లిఖితపూర్వకముగా అడిగి, ఆ జవాబును దాచుకొనుట వానికి రక్ష. తనకు రుసుము ముట్టునను మాటను కొనువారికి దాపరికము లేక చెప్పవలయును. 2022 నాటి కేంద్రప్రభుత్వ మార్గదర్శకములును ఇట్టి సంబంధమును వెల్లడింపు మనుచున్నవి.

పెద్దలారా! మీ యింటి పిల్లవాడు ఈ పనిలో నున్నచో కోపింపక మూడు ప్రశ్నలు వేయుడు. నీ రేటు ఎచ్చట వ్రాయబడియున్నది? వర్తకుని జాబులను భద్రపరచితివా? నీకు రుసుము వచ్చునని కొనువారికి చెప్పితివా? మూడింటికిని జవాబున్నచో వానిని దీవించి పని చేసికొననిండు. లేనిచో, ఆ జాబులను వానిచే చదివించుకొని, దగ్గర కూర్చుండి జవాబు వ్రాయించుడు.

సెలవు.