పరదేశ సముద్రతీరమున పూటకూళ్ళ యిల్లు

(కొలకలూరున జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)

  

 విద్యనుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు, విద్యార్థివసతిగృహమునుగూర్చియు పెద్దలు ప్రసంగింపనున్నారు. నాకు నిర్ణయింపబడిన విషయము వానియంత పాతది కాదు. ఉద్యోగము విరమించి, పింఛను పుచ్చుకొనుచు, శేషజీవితమును ఏ వెచ్చని దేశపు సముద్రతీరముననో గడుపుచు, అచట నాలుగైదు గదుల బసయిల్లు నడుపుకొనవలెనను కోరిక మనవారిలో ఇటీవల పొడసూపుచున్నది. ఒకరు థాయిలాండు పేరు చెప్పుచున్నారు, ఒకరు బాలిద్వీపమందురు, మరియొకరు సింహళము చాలునందురు. దానినిగూర్చి మాటలాడుమని నాకాజ్ఞ.

ఈ కోరికను పరిహసించుటకు నేనిచట నిలువలేదు. ఇది పుట్టుటకు కారణము మనయిండ్లలోనే యున్నది. బిడ్డలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిరి. నాలుగు వసారాల యింటిలో భార్యాభర్తలిద్దరే మిగిలిరి. ముప్పదియైదేండ్లు కచ్చేరిలోనో బడిలోనో బ్యాంకిలోనో పనిచేసిన మనుష్యుడు ఒక్క దినముతో ఊరక కూర్చుండ నేర్వడు. నలుగురు వచ్చిపోవు ఇల్లు, పలుకరించు మనుష్యులు, చేయుటకు కొంచెము పని, ఎదుట సముద్రము – వీనిని కోరుటలో తప్పేమున్నది?

అదియునుగాక, బాటసారికి అన్నముపెట్టి బసయిచ్చు వృత్తి మనకు కొత్తది కాదు. ఓరుగల్లు నగరమున ఒక రూకకు కమ్మని భోజనము దొరకిన సంగతిని క్రీడాభిరామమువలన ఎరుగుదుము. గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మను ఎరుగనివారు తెలుగుదేశమున లేరు. దిక్కులేని స్త్రీలు ఎందరో తమయింట నలుగురికి వండిపెట్టి గౌరవముగా బ్రదికిరి. ఇక మూల్యము పుచ్చుకొనక పెట్టినవారిలో లంకల గన్నవరమున వెలసిన డొక్కా సీతమ్మగారు (1841–1909) అగ్రగణ్యురాలు. గోదావరి దాటివచ్చు బాటసారికి వేళగాని వేళ అన్నముపెట్టిన తల్లి యామె.

అయితే వీరందరియందును సమానముగానున్న యొక సంగతిని గమనింపుడు. సీతమ్మగారి అన్నదానమునకు వెనుక భర్త జోగిపంతులుగారి సేద్యపుభూమి యుండెను. పూటకూళ్ళమ్మకు వెనుక తన యిల్లుండెను. ఇరువురును తమ గడపలో తాము నిలిచి, వచ్చినవానిని లోనికి పిలిచిరి. పరదేశమునకు పోయి బసయిల్లు తెరచువాని సంగతి అట్లుకాదు. వాడక్కడ తానే అతిథి. తానే అతిథియైనవాడు మరియొకనికి ఆతిథేయి యగుట ఎట్లు? ఈ ప్రశ్నయే నేటి నా యుపన్యాసము. దీనికి మూడు శాఖలు కలవు: నీకచట పని చేయు హక్కున్నదా? నీవు నిలిచిన నేల నీదా? కీడు వచ్చిననాడు నీకు తోడెవరు?

మొదటిది పనిహక్కు. థాయిలాండు ప్రభుత్వమువారు 50 ఏండ్లు నిండిన విదేశీయులకు విశ్రాంతివాసపు అనుమతి నిచ్చుచున్నారు. అందులకు అచటి బ్యాంకిలో 8 లక్షల బాట్లు నిలువయుంచవలెను, లేదా నెలకు 65 వేల బాట్ల ఆదాయము చూపవలెను. ఏటేటను ఆ అనుమతిని మరల పొందవలెను. 90 దినములకొకమారు తానున్న చోటు తెలియజేయవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ అనుమతితో వచ్చినవాడు పని చేయరాదు! విశ్రాంతికని వచ్చితివి గనుక విశ్రమింపుమనుట వారి న్యాయము. బసయిల్లు నడుపుట వ్యాపారము. దానికి వేరు వీసా, వేరు పనిపత్రము, వేరు లైసెన్సు వలయును. 1999 నాటి విదేశీవ్యాపార చట్టమునుబట్టి విదేశీయులవాటా సగమునకు చేరిన కంపెనీ విదేశీ కంపెనీయే. అందుచేత కొందరు స్థానికుల పేర బేనామీగా వాటాలుంచి నడుపుదురు. ఆ చట్టముక్రింద అది కారాగృహశిక్షకు తగిన నేరము. మన బేనామీదారు మన యూరివాడైననే నమ్ముటకు వెనుదీయుదుము. భాష తెలియని దేశమున ముఖమెరుగని వానిని నమ్ముట యెట్లు?

రెండవది నేల. థాయిలాండున విదేశీయుడు సాధారణముగా భూమికి యజమాని కాజాలడు. కౌలు పుచ్చుకొనవచ్చును, అదియు ఒక్కమారునకు 30 ఏండ్లకు మించదు. ఇండోనీషియాలో 1960 నాటి భూచట్టమునుబట్టి సంపూర్ణ స్వామ్యము ఆ దేశపౌరులకే. సింహళమున 2014 నాటి చట్టము విదేశీయులకు భూమి అమ్ముటను నిషేధించి కౌలును మాత్రమే విడిచినది. కాబట్టి దళారి చిత్రపటములు చూపి "ఇది మీది" అన్నప్పుడు, "ఎన్నియేండ్లవరకు?" అని అడుగుట మరువవలదు.

కౌలుగడువు తీరినపుడు ఏమగునో మన తెలుగువారికి ఫిజీద్వీపములు నేర్పియున్నవి. 1903 మొదలుకొని మదరాసు రేవునుండి తెలుగువారును తమిళులును ఒప్పందపు కూలీలుగా అచటికి పోయి చెరకు పండించిరి. ఆ దేశమున రమారమి తొమ్మిది పాళ్ళ నేల ఆదివాసుల ఉమ్మడి సొత్తు; దానిని అమ్ముటకు వీలులేదు. మనవారు కౌలునేలపైననే యిండ్లు కట్టుకొని, గుడులు నిలుపుకొని, పిల్లలను పెంచుకొనిరి. చట్టముక్రింద వచ్చిన కౌళ్ళు 1997 మొదలుకొని తీరిపోవ నారంభింపగా, అనేక కుటుంబములు తాము సాగుచేసిన నేల విడిచి లేచిపోవలసివచ్చెను. వారు కష్టపడనందున కాదు, కాగితముమీద గడువుండుటచేత.

బర్మా కథ ఇంతకంటె కఠినమైనది. రంగూను రేవులోను బియ్యపుమిల్లులలోను వేలకొలది తెలుగువారుండిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి బాంబులు రంగూనుపై పడిన పిమ్మట, 1942లో లక్షలకొలది భారతీయులు ఓడలమీదను కాలినడకను తరలివచ్చిరి. అడవిదారులలో ఎందరో నేలకొరిగిరి. యుద్ధానంతరము మిగిలినవారి దుకాణములను 1964లో అచటి సైనికప్రభుత్వము జాతీయము చేసెను. మరల ఓడలు నిండినవి. విశాఖపట్టణమున నేటికిని బర్మాక్యాంపు అను పేట యున్నది. ఆ పేరు చాలును.

సముద్రము దాటినవారందరును చెడిరని చెప్పుట నా యుద్దేశము కాదు. మారిషసుద్వీపమునకు 19వ శతాబ్దమున కూలీలుగా పోయిన తెలుగువారి సంతతి నేడా దేశపు పౌరులు. ఉగాది అచట ప్రభుత్వ సెలవుదినము. వారు నిలిచిరి. ఎందుచేత? ఆ దేశమును తమ దేశముగా చేసికొని, తరతరములు అచటనే జీవించి, 1968లో స్వాతంత్ర్యము వచ్చిననాటికి హక్కుగల ప్రజలైరి. పింఛనుతో పోవు పెద్దవానికి తరతరముల వ్యవధి లేదు. మన రాజ్యాంగమా, రెండు పౌరసత్వముల నొప్పుకొనదు. కనుక అతడచట ఇరువదియేండ్లున్నను విదేశీయుడే.

మూడవది కీడు. దీనికి ముందు ఒక చిన్న ఊహాలెక్క వినుడు. ఆరు గదుల యిల్లనుకొందము. ఏడాదికి 2,190 గదిరాత్రులు. మూడవవంతు నిండినచో 730. గదికి 2,000 రూపాయల చొప్పున 14,60,000 వచ్చును. బేరముచేర్చు మధ్యవర్తులకు నూటికి 15 చొప్పున 2,19,000 పోగా 12,41,000. ముగ్గురు పనివారికి నెలకు 15,000 వంతున 5,40,000. మిగిలినది 7,01,000. ఇందులోనుండి కౌలు, విద్యుత్తు, నీరు, చాకలిఖర్చు, లైసెన్సులు, పన్నులు గడువవలెను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన కిటికీలను, చల్లగాలి యంత్రములను ఏటేట బాగుచేయింపవలెను. ఇక తెల్లవారుజామున నాలుగుగంటలకు వచ్చిన బాటసారికి తలుపుతీయువాడు మీరే. అరువదియైదేండ్ల మోకాళ్ళు మీవే. దీనిని విశ్రాంతియని పిలువవచ్చునా యని నా సందేహము.

ఇదియు మంచియేటి లెక్క. 2019లో థాయిలాండునకు దాదాపు 4 కోట్లమంది విదేశీ యాత్రికులు వచ్చిరి. కరోనా కాలమున 2021లో వచ్చినవారు 4 లక్షల చిల్లర మాత్రమే. నూరుగురు వచ్చినచోట ఒక్కడు! కౌలు మాత్రము ఒక్కటి తగ్గలేదు. వెచ్చని సముద్రమునకు కోపము కూడ కలదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచిన మన దివిసీమ, రేపల్లె, బాపట్ల ప్రాంతములవారికి దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ థాయిలాండు, సింహళ తీరములందలి బసయిండ్లను యాత్రికులతో కూడ తుడిచివేసెను. 2023 డిసెంబరు 5న మిచౌంగు తుపాను బాపట్ల చేరువనే తీరము దాటెను. కాని మన తీరమున గాలివాన వచ్చిననాడు కొలకలూరినుండి బండికట్టుకొని వచ్చుటకు అన్నదమ్ములుందురు. అక్కడ ఎవరుందురు? భార్యాభర్తలలో ఒకరు మంచమునబడిననాడు, భాషరాని ఆసుపత్రిలో రెండవవారి గతి యేమి?

మహాజనులారా! ఈ వ్యవహారమునకు మూలధనము ఎచటినుండి వచ్చుచున్నదో చెప్పుట నా కర్తవ్యము. పింఛనుసొమ్ము చాలదు. మాగాణి అమ్ముచున్నారు. కృష్ణకాలువ నీరు పారు ఎకరమును అమ్మి, రిజర్వుబ్యాంకువారు అనుమతించిన మేరకు, అనగా మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్లకు మించకుండ, సొమ్ము దేశము దాటించి, గడువుగల కౌలును కొనుచున్నారు. తాతలనాటి శాశ్వత హక్కు పోయి, ముప్పదియేండ్ల కాగితము వచ్చుచున్నది. ఇంకొక సంగతి చాలమంది ఎరుగరు: విదేశవాసి యైనవాడు మన దేశమున సేద్యపుభూమిని కొనుటకు మన చట్టమే సాధారణముగా ఒప్పుకొనదు. వారసత్వముగా పొందవచ్చును, కొనరాదు. కాబట్టి అమ్మినవాడు అచట నివసించుచుండగా మనసు మార్చుకొన్నను, ఆ యెకరము అతనికి మరల రాదు.

మన తీరమునకే పూర్వము పరదేశపు వర్తకులు వచ్చుచుండిరి. వారు ఏమి చూచి వచ్చిరి? చీరాల చేరువనున్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. ఓడ పగిలి ఒడ్డునబడిన సరకును రాజు లాగికొనడనియు, నియతమైన సుంకము మాత్రమే పుచ్చుకొనుననియు అందు వ్రాసియున్నది. అపారసముద్రము దాటినవారు కొబ్బరిచెట్ల నీడ చూచి గాక, అభయము చూచి దిగిరి. మనవారును పోదలచినచో అట్లే, ముందు శాసనము చదివి పిమ్మట ఓడయెక్కుదురుగాక!

మరి సముద్రతీరపు కోరిక తీరు మార్గమేది? సూర్యలంక మనకు దూరము కాదు. బాపట్ల పట్టణమునుండి తొమ్మిది కిలోమీటర్లు. తెనాలినుండి బాపట్లకు రైలుబండి యున్నది. శనాదివారములందు అచటికి వచ్చు జనమును మీరందరు చూచుచునేయున్నారు. కేంద్రప్రభుత్వపు పర్యాటకశాఖవారి గృహవసతి పద్ధతిక్రింద యజమాని తానున్న యింటిలోనే ఒకటి మొదలు ఆరు గదులవరకు బాటసారులకిచ్చి నడుపవచ్చును. ఇచటను నియమములున్నవి: సముద్రపుపోటు హద్దునుండి కొంతదూరము కట్టడములు కూడదని 2019 నాటి తీరప్రాంత ప్రకటన చెప్పుచున్నది, విదేశీయుడు బసచేసినచో 24 గంటలలోగా అధికారులకు తెలుపవలెను. కాని ఇచట మీరు పౌరులు. అధికారితో మీ భాషలో మాటలాడుదురు. నేల మీ పేర నుండును. వంట మనది, చేపలపులుసును గోంగూరను ఎవరిని చూచియు నేర్వనక్కరలేదు.

కావున ఈ మహాసభవారికి నా విన్నపములు నాలుగు. పరదేశమున బసయిల్లు పెట్టదలచినవారు మొదట ఒక యేడాది తమవంటివాని యింట అద్దెకుండి, వానకాలము కూడ చూచి రావలెను. ఆరు నెలలు మన తీరమున ఏదైన బసయింట పనిచేసి వృత్తి నేర్వవలెను. ఎట్టి స్థితిలోను మాగాణి అమ్మరాదు. పోయినను బ్రదుకు సాగునంత సొమ్మే పెట్టవలెను. భార్య మనఃపూర్వకమైన సమ్మతి లేనిదే అడుగు వేయరాదు. ఏలయనగా ఆ యింట వండునది, దుప్పట్లు మడచునది, ఒంటరియగునది తరచుగా ఆమెయే. ఈ సంగతులలో సలహా చెప్పుటకు న్యాయవాదులు, బ్యాంకి ఉద్యోగులు, విదేశములనుండి తిరిగివచ్చినవారు గల చిన్న ఉపసంఘమును నియమింపవలెనని ప్రార్థించుచున్నాను. విద్యార్థికి దారి చూపిన సంఘము వృద్ధునికి మాత్రము దారి చూపరాదా?

ఇన్ని చెప్పినపిమ్మటను పోవువారు పోవుదురు. వారికి నా యాశీస్సులు. అతిథికి ద్వారము తెరచిన చేయి ఏ దేశమున నున్నను పుణ్యమైన చేయియే. వారి గదులు నిండుగాక! కాని కొలకలూరి యింటి తాళపుచెవిని మాత్రము అమ్మక, మొలనే కట్టుకొని పోవుడని వేడుకొనుచున్నాను.