వాన ఊళ్లో నీళ్ల కరువు



మొన్న మన వాచకంలో వాన పాఠం చదివాం. చదవడం అయ్యాక ఒక పెద్దమ్మ అడిగింది. ‘‘లోకంలో అన్నిటికంటె ఎక్కువ వాన ఎక్కడ పడుతుంది? అక్కడి ఆడవాళ్లకు బిందెలు మోసే బాధ ఉండదు కదా?’’ అని. ఆ మాట గురించే ఈ రోజు మాట్లాడతాను.

ఆ ఊరు మన దేశంలోనే ఉంది. ఈశాన్యాన మేఘాలయ అనే కొండ రాష్ట్రం ఉంది. అక్కడి మాసిన్రాం ఊళ్లో ఏడాదికి సగటున 11,872 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దాని దగ్గరలోనే చిరపుంజి ఉంది. పాత పుస్తకాల్లో చిరపుంజిదే మొదటి స్థానం. తర్వాత లెక్కల్లో మాసిన్రాం ముందుకు వచ్చింది.

మిల్లీమీటర్లు అంటే ఏమిటి? పడిన నీళ్లు ఎటూ పారకుండా, నేలలో ఇంకకుండా అలాగే నిలబడ్డాయి అనుకోండి. ఎంత ఎత్తు నిలుస్తాయో అదే వాన కొలత. మన అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే మోకాలు దాటి కొంచెం పైకి. మాసిన్రాం వాన అలా నిలబడితే మూడంతస్తుల మేడ మునుగుతుంది! 2022 జూన్ 17న అక్కడ ఒక్క రోజులోనే 1,003 మిల్లీమీటర్లు కురిసింది. నడుం లోతు నీళ్లన్న మాట. అనంతపురంలో అంత వాన పడాలంటే దాదాపు రెండేళ్లు కావాలి. ఇక 1860 ఆగస్టు నుంచి 1861 జూలై వరకు చిరపుంజిలో 26,461 మిల్లీమీటర్లు పడింది. అది ఒక పెద్ద తాటిచెట్టంత ఎత్తు.

ఎందుకంత వాన? అన్నం గిన్నె మూత తీసి చూడండి. ఆవిరి పైకి పోయి, మూతకు తగిలి, చల్లబడి చుక్కలు అవుతుంది. అక్కడా ఇంచుమించు అంతే. బంగాళాఖాతం నుంచి తడిగాలి వస్తుంది. బంగ్లాదేశ్ పల్లపు నేల మీదుగా అడ్డం లేకుండా సాగుతుంది. ఒక్కసారిగా గోడలాంటి కొండలు ఎదురవుతాయి. గాలి పైకి ఎక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడి, కొండ మీదే కుమ్మరిస్తుంది.

ఆ కొండల్లో ఉండేవాళ్లు ఖాసీలు. వానలో పని మానుకుంటే వాళ్లకు గడవదు. వెదురు, ఆకులతో తాబేలు డిప్పలాంటి గొడుగు అల్లుకుంటారు. దాని పేరు నూప్. తల మీది నుంచి వీపు కిందిదాకా కప్పుతుంది. మనవాళ్లు గొంగళి కొప్పెర వేసుకున్నట్టే. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి వంగి పని చేసుకోవచ్చు.

వాళ్ల వంతెనలు ఇంకా వింత. ఆ వానలకు కర్ర వంతెన కుళ్లిపోతుంది. అందుకని వాగు ఒడ్డున మర్రి జాతి చెట్టు పెంచుతారు. దాని ఊడలను పోకచెట్టు బోదె తొలిచి, అందులోంచి అవతలి ఒడ్డుకు సాగదీస్తారు. ఊడలు నేలలో నాటుకుని లావెక్కి వంతెన అవుతాయి. దాని మీద నడవాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు ఆగాలి. నాటిన చెయ్యి ఒకటి, నడిచే కాలు ఇంకొకటి.

ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారేమో. ఖాసీలలో ఇంటిపేరు తల్లిది. ఇల్లు చిన్న కూతురికి వస్తుంది. అల్లుడే అత్తవారింటికి వస్తాడు! అయితే ఊరి పెద్దల సభ మాత్రం చాలా కాలంగా మగవాళ్లదే. ఇల్లు ఆడవాళ్లది, తీర్పు మగవాళ్లది.

ఇక పెద్దమ్మ అడిగిన బిందెల మాటకు వద్దాం. అక్కడ చలికాలం వస్తే నీళ్లకు కటకట! అవును. వాన ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకా పడుతుంది. కొండలు నిటారు. మట్టి పలచన. చాలాచోట్ల చెట్లు కొట్టేశారు. పట్టి ఉంచే వేళ్లు లేక ఉన్న మట్టీ కొట్టుకుపోయింది. కింద ఉన్నది సున్నపురాయి. అందులో బొరియలు, గుహలు. పడిన నీళ్లు కొన్ని అందులోకి దూరిపోతాయి, కొన్ని లోయల్లోకి దూకి బంగ్లాదేశ్‌కు పోతాయి. ఎండు నెలల్లో ఊటలు సన్నగిల్లుతాయి. ఆడవాళ్లు కొండ దిగి ఊట దగ్గర నిలబడాలి. నిండిన పాత్రతో మళ్లీ ఎక్కాలి. కొందరు ట్యాంకరు నీళ్లు కొంటారు. లోకంలోకెల్లా వాన పడే చోట!

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే చోటు సముద్రాల అవతల ఒక దేశంలో ఉంది. ఆ దేశం పేరు చిలీ. అక్కడ ఆరికా అనే రేవు పట్టణంలో 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి దాకా వాన పడలేదు. ఆ ఏడాది చివర పుట్టిన ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా వాన చూడలేదన్న మాట. ఆ దేశంలోనే, ఆరికాకు చాలా దూరంగా దక్షిణాన, చుంగుంగో అనే చిన్న జాలరి పల్లె ఉంది. అక్కడా వాన చాలా తక్కువ. లారీలో తెచ్చిన నీళ్లే దిక్కుగా ఉండేవి. కాని సముద్రం మీది నుంచి దట్టమైన పొగమంచు వచ్చి పక్క కొండను కప్పేస్తుంది. ఆ కొండ మీద పెద్ద పెద్ద వలలు కట్టారు. పొగమంచు వలకు తగిలి చుక్కలై జారింది. కింద తొట్టి, తొట్టి నుంచి గొట్టం, గొట్టం నుంచి ఊరు. వల వేసి చేపలు పట్టేవాళ్లు నీళ్లూ పట్టారు. కూరపాదులు కూడా పెట్టుకున్నారు.

సుమారు పదేళ్లు సాగింది. తర్వాత గాలికి వలలు చిరిగాయి. బాగుచేసే ఏర్పాటు నిలవలేదు. పల్లె మళ్లీ లారీ కోసం ఎదురు చూసింది. వల కట్టడానికి ముందుకొచ్చినంత మంది కుట్టడానికి రారు, అదీ చిక్కు.

మన ఊళ్లో ఎంత వాన పడుతుందో మనమే కొలుద్దాం. నిటారు గోడలున్న డబ్బా ఒకటి చాలు. చెట్టు కింద, చూరు కింద పెట్టకండి. వాన వెలిశాక పిల్లల స్కేలు నిలబెట్టి చూడండి. స్కేలు మీద చిన్న గీతలే మిల్లీమీటర్లు. తేదీ వేసి, అంకె రాసి, వచ్చే శనివారం పలక పట్టుకు రండి.