దీవెనకన్నా సన్నిధి మిన్న
(స్వర్ణోత్సవ కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



లేవీయకాండం 25వ అధ్యాయం యాభయ్యో ఏడును సునాద సంవత్సరం అంటుంది. ఆ ఏట దేశమంతటా బూర ఊదేవారు. దాసులకు విడుదల, చేజారిన పొలం తిరిగి ఆ కుటుంబానికే. జూబిలీ అన్న మాట పుట్టింది అక్కడే. మన సంఘానికీ ఇది యాభయ్యో ఏడు. ఈ ఏట దేవుణ్ణి ఏమడుగుదాం?

అడగడం మనకు కొత్త కాదు. పదో తరగతి హాల్ టికెట్ బైబిల్లో పెట్టుకుని ప్రార్థించిన వాళ్లం. ఆ తర్వాత సీటు, ఉద్యోగం, వీసా, పిల్లల పెళ్లిళ్లు. ఇందులో తప్పేమీ లేదు. అనుదిన ఆహారం అడగమని ప్రభువే నేర్పాడు. అయితే అవన్నీ వచ్చి, ఇచ్చినవాడు మాత్రం మనతో రాకపోతే?

సరిగ్గా ఈ ప్రశ్నే నిర్గమకాండం 33వ అధ్యాయంలో ఉంది. బంగారు దూడ సంగతి జరిగాక దేవుడు మోషేతో, పాలు తేనెలు ప్రవహించే దేశానికి వెళ్లండి, దూతను ముందు పంపుతాను, శత్రువులను వెళ్లగొడతాను, నేను మాత్రం మీతో రాను అన్నాడు. అడిగిన దేశం దక్కింది, దారికి కాపలా దొరికింది. అయినా ప్రజలు అది దుర్వార్త అనుకుని ఏడ్చారు, ఆభరణాలు తీసేశారు. మోషే అయితే, నీ సన్నిధి రాకపోతే మమ్మల్ని ఇక్కడినుంచి కదిలించవద్దని వేడుకున్నాడు. 'ఇక్కడ' అంటే ఎడారి! దేవుని కటాక్షం తమమీద ఉందనడానికి అతడు చెప్పిన గుర్తు ఒక్కటే: ఆయన తమతో నడవడం.

మనల్ని మనం అడుగుదాం. అన్నీ ఇస్తాను, నేను మాత్రం రాను అని దేవుడంటే మనం ఏడుస్తామా, సంతోషంగా పెట్టె సర్దుకుంటామా?

మన తెలుగు నేలమీదే ఒక సాక్ష్యం ఉంది. 1876-78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. బాప్తిస్మం కోరిన వారు ఎందరో ఉన్నా, కూడు కోసం ఎవరూ ప్రభువును ఒప్పుకోకూడదని, కరవు పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఊరు వెలుపల ఉంచిన మాదిగ కుటుంబాలవారు. మోషే దేవునితో మాట్లాడిన గుడారం కూడా పాళెం వెలుపలే ఉండేదని మరచిపోకండి.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇవాళ వేదికమీదికి పిలిచి శాలువా కప్పేది గెలిచిన వారికే. పంట పోయినవారు, వ్యాపారం మునిగినవారు, కన్నబిడ్డను పోగొట్టుకున్నవారు కూడా మన బ్యాచీల్లో ఉన్నారు. కొందరు మొహమాటపడి రానేలేదు. విజయమే కటాక్షమైతే వాళ్లకు మనం ఏం చెప్పగలం? పౌలు ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది. ముల్లున్న చోటా దేవుడు ఉంటాడు.

సన్నిధిని వెదకడమంటే ఏమిటి? రోజూ కొంతసేపు ఏమీ అడగకుండా వాక్యం ముందు కూర్చోవడం. అర్పణ బలిపీఠం దగ్గర విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. ఏళ్లుగా మాట మానేసిన మిత్రునికి ఇవాళే ఫోన్ చేయడం. ఆకలిగొన్నవారిలో, రోగుల్లో, చెరలో ఉన్నవారిలో తననే చూడమన్నాడు. మంచంపట్టిన మన మాస్టారి ఇంటికి వెళ్లడం, తీర్చలేని వాని అప్పు మాఫీ చేయడం. సునాద సంవత్సరం అంటే అదే కదా.

ప్రభువు తన ముఖకాంతి మన గురువులమీద, మన బడి పిల్లలమీద, ఈ కూడికకు రాలేకపోయిన ప్రతి ఒక్కరిమీద ప్రకాశింపజేయును గాక. ఆమేన్.