యువజన దినము – మన సీమ పాఠము



జనవరి 12వ తేది వివేకానందస్వామి జన్మదినము. ఆయన 1863వ సంవత్సరమున కలకత్తాలో జన్మించెను. ఆ దినమును జాతీయ యువజన దినముగ పాటింపవలెనని భారత ప్రభుత్వము 1984లో నిర్ణయింపగా, 1985 మొదలు దేశమంతటను జరుపుచున్నారు. మన శ్రీకాకుళ, విజయనగర సీమలందును ఆనాడు బాలురు ఊరేగుదురు. స్వామి పటమునకు పూలమాల వేయుదురు. వక్తృత్వపు పోటీలు జరుగును. ఇవి యన్నియు మంచివే. కాని ఆ మాల వాడిన మఱునాడు యువకుడు చేయవలసిన పని యేమి? నేడు మీతో విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

స్వామి తెలుగునేల కెఱుకలేనివాడు కాడు. చికాగో సర్వమత మహాసభకు పోవుటకు ముందు, 1893 ఫిబ్రవరి 13వ తేదిని సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో, తాను పాశ్చాత్యదేశములకు పోవు ఉద్దేశమును గూర్చి ఉపన్యసించెను. అప్పటికాయన వయస్సు ముప్పది యేండ్లు. ఆ సెప్టెంబరు 11న చికాగోలో మాటలాడి లోకప్రసిద్ధుడయ్యెను. తిరిగివచ్చి 1897 మే 1వ తేదిని రామకృష్ణ మిషన్‌ను స్థాపించెను. దరిద్రునియందు నారాయణుని చూచి సేవింపుమనుట ఆయన ఉపదేశమున ముఖ్యాంశము.

ఈ మాట వినుటకు తేలిక, చేయుట కష్టము. చేసినవారిని చూచుటకు మనము దూరము పోనక్కఱలేదు.

అదే 1863వ సంవత్సరమున, ఆగస్టు 29వ తేదిని, శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు జన్మించిరి. వారు స్వామికి శిష్యులని నేననుట లేదు. ఒకే యేట పుట్టిన యిద్దఱిలో ఒకరు బోధించినదానిని రెండవవారు తమ దారిని తాము ఆచరించి చూపిరని మాత్రమే నా తాత్పర్యము. వాడుకభాషకై పంతులుగారు చేసిన పోరాటము అందఱెఱిగినదే. నేడు చెప్పదలచినది వేఱు.

బాల్యముననే తండ్రిని గోల్పోయి, ఇరువది యేండ్లయిన నిండకమునుపే వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. చుట్టుప్రక్కల కొండలనుండి సవరలు ఆ యూరికి వచ్చుచుండెడివారు. వారి మాట ఊరివారికి తెలియదు. భాష రానివాడు బేరములోను, కచేరీలోను నష్టపడుట సహజము. ఆ భాషకు పుస్తకము లేదని పంతులుగారు వెనుదీయలేదు. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని నేర్చిరి, వాచకములు వ్రాసిరి, స్వంత ధనముతో బడులు పెట్టి సవరభాషలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వము పారితోషిక మీయజూపగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడనిరి. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడెను. మన్యమున తిరుగుటచే చలిజ్వరము పట్టెను. దానికై సేవించిన క్వినైను వినికిడిని హరించెను. చెవితో విని ఒక భాషను లోకమున కెఱిగించినవారి చెవులే పోయెను! ఐనను పని మానలేదు. 1940 జనవరి 22వ తేదిని స్వర్గస్థులైరి.

ఆంధ్రప్రదేశమున 2004లో సవర మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక విద్య నారంభించిరి. పంతులుగారు ఒంటరిగ పట్టిన పని ప్రభుత్వపు పని యగుటకు దాదాపు నూఱేండ్లు పట్టినది.

ఇక నేటి మాట. పొట్టకూటికై దూరదేశము పోవు యువకుని నేను తప్పుపట్టను. ఊర నున్నవారికి మాత్రము పనికి కొదువ లేదు. సీతంపేట కొండలలో, ఇంట నొక భాష, బడిలో నొక భాషయై తికమకపడు పిల్లలున్నారు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెన్నో కుటుంబములను కుంగదీసినది. దాని కారణము వైద్యశాస్త్రమునకు ఇంకను పూర్తిగ తేలలేదు. పలాసలో 2023లో పెద్ద ఆసుపత్రి వెలసినది. కాని రక్తశుద్ధికై మాటిమాటికి పోవు రోగికి తోడుపోవుటకును, చీటి చదివి చెప్పుటకును, మందువేళ జ్ఞాపకము చేయుటకును ఆసుపత్రి గోడలు చాలవు, మనిషి కావలెను. ఆ మనిషి యువకుడైన, రోగికి సగము బలము.

గొప్ప పని యేదియో దొరకు వఱకు వేచియుండువానికి యౌవనము కరిగిపోవును. పంతులుగారు వేచియుండలేదు, తమ యెదుటనున్న మనుష్యుని మాట ముందు నేర్చిరి. యువజనులారా, రాబోవు జనవరి 12వ తేదికి మాలతోబాటు, మీ యూర మీరు చేసిన పని యొక్కటి స్వామి పటము ముందుంచుడు.