కిన్నెర ఎవరిది?

(ఒక మాదిగవాడ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



డప్పు గురించి చాన సభల్లో మాట్లాడుకున్నం. ఇయ్యాల కిన్నెర గురించి మాట్లాడుత.

భీమ్లా నాయక్ పాట మొదట్ల వినబడే గొంతు మీకందరికీ ఎరుకే. 2021ల వచ్చింది. ఆ గొంతు దర్శనం మొగిలయ్యది. ఊరు అవుసలికుంట, లింగాల మండలం. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా అంటున్నరు గని మన పాత పాలమూరే. కులం డక్కలి. జానపద కళాకారుడని మెచ్చుకునేటోళ్లు చాలమంది ఈ కులం మాట దగ్గర గొంతు తగ్గిస్తరు. నేను తగ్గించను.

కిన్నెర అంటే ఏంది? ఒక వెదురు బొంగు, దానికి సొరకాయ బుర్రలు, మీద తీగెలు, మైనంతో అంటించిన మెట్లు. ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర. తాత తండ్రుల చేతుల మీదుగా వచ్చిన విద్య. ఆ మెట్ల మీదనే పండుగ సాయన్న కథ పలుకుతది. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పంచిన సాయన్న మన బడి పుస్తకాలల్ల లేడు, డక్కలోళ్ల నోట్ల బతికిండు. రాజుల చరిత్రను రాతి మీద చెక్కిన్రు. మనది తీగె మీద నిలిచింది.

పాత కథలు అప్పజెప్పుడే అనుకోవద్దు. ఆర్టీసీ బస్సు మీద పాట గట్టి కిన్నెర మీద పాడిండు. తమన్ సినిమా సంగీతంల పాడినా అదే పాలమూరు యాస.

గ్రీసు దేశంల గూడ ఇట్లనే జరిగింది. బుజూకి అనే తీగెల వాద్యం మీద రేవు కూలీలు, 1922ల కాందిశీకులై వచ్చినోళ్లు పాడుకునే రెబెటికో పాటలను పెద్దమనుషులు ఈసడించుకున్నరు. 1936ల వచ్చిన మెటాక్సాస్ నియంత సర్కారు వాటిమీద కత్తెర పెట్టింది. ఇప్పుడు అదే వాద్యం ఆ దేశం గుర్తు. 2017ల యునెస్కో ఆ పాటలను గుర్తించింది. పాడినోళ్ల కడుపులు అప్పటికి ఎన్ని కాలినయో!

మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. కోటి రూపాయలు, ఇంటి జాగ ఇస్తమని సర్కారు ప్రకటించింది. 2024ల హైదరాబాదు పక్కన తుర్కయంజాల్ కాడ కట్టుబడి పని దగ్గర కూలి చేస్తున్న ఆయన ఫొటో పేపర్లల్ల వచ్చింది.

సర్కారును అడుగుదాం, తప్పదు. గని ఇక్కడ కూసున్న మనలను గూడ ఒక మాట అడగాలె. డక్కలోళ్లు చెయ్యి చాపేది దొర ముందట గాదు, మాదిగోళ్ల ముందట. మన గోత్రాలు చెప్పేది వాళ్లు. జాంబపురాణం చెప్పి, జాంబవంతుడు భూమికన్న ముందు పుట్టిండని మన తలెత్తించింది వాళ్లు. ఆ నోటికి మన కడవ ముట్టనియ్యలే. ఊరు మనలను ఊరవతల పెట్టింది. మనం వాళ్లను వాడవతల పెట్టినం. బామండ్ల మీద ఉపన్యాసం చెప్పుడు అల్కగ ఉంటది, ఇది చెప్పుడు కష్టం.

1994ల దండోర మొదలువెట్టి ముప్ఫై ఏండ్లు కొట్లాడితే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకున్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల చట్టం అమలైంది. 59 కులాలు, మూడు గ్రూపులు. మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం. డక్కలోళ్లున్న మొదటి గ్రూపుల 15 కులాలు, అందరికీ కలిపి 1 శాతం. ఆ ఒక్కటైనా వాళ్ల పిల్లగానికి అందాలంటే కుల సర్టిఫికెట్ గావాలె. దానికి ఊరు పేరు గావాలె, బడి రికార్డు గావాలె. తిరిగి బతికేటోళ్లకు ఇవి యాడికెళ్లి వస్తయి? పంతులుగ నాకు ఎరుకైన సంగతి ఇది: సీటు కన్న ముందు కాగితం అడుగుతరు.

అందుకని జూన్‌ల బడి తెరిచేలోపు చుట్టుపక్కల డక్కలి గుడిసెలకు పోదాం. పిల్లల పేర్లు రాద్దాం, ఎమ్మార్వో ఆఫీసుకు మనమే తోలుకపోదాం. వచ్చే సభకు డప్పుతోని పాటు కిన్నెరను పిలుద్దాం. త్యాగం లెక్క కాదు, కూలి ఎంతో ముందే మాట్లాడి ఇయ్యాలె. అన్నం మన ఇండ్లల్లనే, మన పళ్లాలల్లనే.

నోటుబుక్కు నా దగ్గరున్నది. వచ్చేటోళ్లు సభ అయినంక పేర్లు రాయించుండ్రి.